జరీనా తలలో పొట్టు

నరసరావుపేట,
11 డిసెంబరు 1988, ఆదివారం.

నాన్న పోయాక ఆ చోట నిలబడిన మా మౌలాలీ అన్నయ్యకు,

చెల్లెలు రబియా సలాములు. కుల్సుం వదినకు కూడా నా సలాములు చెప్పు, పిల్లలకు దీవెనలు. అల్లా దయవల్ల మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ మేమూ బాగానే ఉన్నామని రాయడం మర్యాద. ఆ మాట రాయబోయి కలం ఆపాను. అందరం లేచి తిరుగుతున్నాం, వేళకు ఇంత తింటున్నాం, అంతవరకు నిజం. మిగతాది కిందికి చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

మీ కారంపూడిలో వీరుల తిరునాళ్ళ సందడి ఈపాటికి తగ్గి ఉంటుంది. ఇక నీకు పెళ్ళివంటల తాకిడి మొదలవుతుంది. ఉత్తరానికి జవాబు రాయడం నీ ఒంట్లో లేదు. పోయినసారి వచ్చిన కార్డు మీద 'అందరం క్షేమం, మౌలాలీ' అని ఉంది. సంతకంతో కలిపి మూడు మాటలు. పెళ్ళివారికి మసాలా చీటీ మాత్రం చేంతాడంత రాస్తావు. ఈసారి నీ వాటా కూడా కలిపి నేనే రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

సంగతి మా జరీనాది. నీ మేనకోడలు తొమ్మిదో తరగతికి వచ్చింది, నా భుజం దాటి పెరిగింది. రెండు నెలలుగా దాని తల గురించి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మా ఇల్లు నీకు తెలుసు. ముందు గదిలో మీ బావ సర్దార్ దూది ఏకే మిషను వేశాడంటే ఇల్లంతా నుసి. పాలగిన్నె మీద, అత్త నమాజు చాప మీద, అందరి తలల మీద అదే. పొద్దున్నే పిల్లలకు జడలు వేసేముందు తల దులపడం నాకు ముఖం కడుక్కున్నంత అలవాటు. అందుకే వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి జరీనా భుజాల మీద తెల్లగా పొట్టు రాలుతుంటే దూదే అనుకున్నాను. గోక్కుంటుంటే నుసి పడి దురద పెడుతోందేమో అనుకున్నాను. వేరే ఇంట్లో అయితే తల్లి కన్ను ఎప్పుడో పట్టేది. పరుపులు కుట్టేవాళ్ళ ఇంట్లో తెల్లటిది ఏది రాలినా దూదే.

అక్టోబరులో మిషను మోటారు కాలిపోయింది. అది బాగుపడి వచ్చేదాకా పని ఆగింది. నేను ఇల్లంతా దులిపి కడిగాను. అందరి తలలూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. జరీనాకు జడ వేద్దామని కూర్చోబెట్టుకుంటే దాని భుజాల మీద మళ్ళీ పొట్టు. ఇంట్లో దూది పోగు లేదు. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

పాయలు విడదీసి చూశాను. చెవుల వెనక, మెడ పైన, వెండిరేకులు అతికించినట్టు తెల్లటి పొలుసులు దళసరిగా పేరుకుని ఉన్నాయి. ఒకటి గోటితో కదిపితే కింద ఎర్రటి చర్మం, దాని మీద సన్నగా నెత్తురు చుక్కలు. నుదుటి పైన జుట్టు మొదలయ్యే చోట కూడా ఎర్రటి అంచు కనబడింది. అంటే జుట్టు దాటి ముఖం మీదికి దిగుతోంది. నూనె దట్టంగా రాసి, జడ బిగించి, అంచు కనబడకుండా పాపిట మార్చాను.

నేనెందుకంత బెదిరానో నీకు విడమరిచి చెప్పాలా? మస్తాన్‌బీ పెద్దమ్మను ఊరి బయట వాడకంలో లేని, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పెట్టిన ఇంట్లోనే కదా మనం పుట్టింది. నాన్న అంబలి ముంత రాతి మీద పెట్టి, కేకేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేవాడు. ఆమె బయటికి వచ్చి ముంత తీసుకోవడం ఒకసారి దూరం నుంచి చూశాననే అమ్మ నన్ను చావబాదింది. ఆ రోగం పేరు కూడా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. పెద్దరోగం అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఆమెకూ మొదట ముఖం మీద ఎర్రటి మచ్చే వచ్చిందని అమ్మ చెప్పేది. జరీనా నుదురు చూసినప్పుడల్లా నాకు ఆ బ్యారన్ గుమ్మమే కనబడేది.

దాచితే దాగేదా ఇది? ముందు మా అత్త జైనాబ్ బీ చూసింది. చుండ్రేనే పిచ్చిమొహమా, నా చిన్నప్పుడు నాకు లేదా అంటూ నిమ్మకాయ, ఉప్పు కలిపి రుద్దింది. పిల్ల ఏడ్చిన ఏడుపుకు వీధి వీధంతా వచ్చి నిలబడింది. తర్వాత మెంతులు నానబెట్టి రుబ్బి పెరుగుతో పట్టించింది. కాదు, పేలేమో అని కిరసనాయిలు రాసింది. దానికి నెత్తి మండి బొబ్బలెక్కింది. ఇంట్లో తలా ఒక వైద్యుడు. తల మాత్రం నా కూతురిది.

ఇక పక్కింటి కోటేశ్వరమ్మక్క. పంపు దగ్గర బిందె పెట్టి, ఏమే రబియా, మీ పిల్ల తలకాయ ఏందది, చానా రోజుల్నుంచి గోక్కుంటానే ఉంది, ఆసుపత్రికి తీసకపోయేది లేదా అంది. చుండ్రు అక్కా అన్నాను. చుండ్రయితే నొసటి మీదికి ఎందుకు దిగిద్దే అంది. ఆ మర్నాటి నుంచి వాళ్ళ పిల్లలు మా గడప తొక్కలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని పైకి నవ్వాను. లోపల మాత్రం ఆమె అడిగిన మాటే తిరుగుతోంది. నిజమే కదా, నొసటి మీదికి ఎందుకు దిగింది?

స్కూల్లో పంతులమ్మ జరీనాను చివరి బల్ల మీద ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. అది ఇంటికొచ్చి, నాకు కడుపు నొప్పి, రేపట్నుంచి పోను అంది. కడుపు నొప్పి ఎన్నాళ్ళుంటుంది? నేనూ ఒప్పుకున్నాను, నలుగురి కళ్ళలో పడకుండా ఉంటుందని.

గోరుచుట్టు మీద రోకటి పోటులా అప్పుడే నరసింహారావు గారు వచ్చారు. ఆయన స్టేషను రోడ్డులో లాడ్జి కడుతున్నాడు. పరుపులు, దిండ్లు అన్నీ మా చేతనే కుట్టిస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఆయన మీ బావతో మాట్లాడుతుంటే జరీనా దూది బేళ్ళ మీద కూర్చుని, మనిషి ఉన్నాడన్న ధ్యాస లేకుండా రెండు చేతులతో గోక్కుంటోంది. దాని ఒళ్ళో పొట్టు రాలుతోంది. ఆయన చూశాడు. సర్దారూ, పరుపుల సంగతి పండగ తర్వాత చూద్దాంలే అని లేచి వెళ్ళాడు. ఏ పండగో చెప్పలేదు.

ఆ రోజు మీ బావ అన్న మాట నేను మరిచిపోలేను. మనం అమ్మేది తల పెట్టుకునే సరుకే, మన ఇంట్లోనే తలరోగం అంటే ఎవడు కొంటాడే అన్నాడు. జరీనా దిండు తీసి వేరే పెట్టాడు. కంచం వేరే పెట్టాడు. పిల్ల తన చాప తీసుకుని పెరటి వసారాలోకి పోయింది. ఆయన్ని తిట్టుకోకు అన్నయ్యా. కాసేపటికి బేళ్ళ సందున కూర్చుని లుంగీ అంచుతో కళ్ళు తుడుచుకుంటుంటే నేనే చూశాను. భయం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. కంచం వేరే పెట్టినప్పుడు నేను అడ్డం పడలేదు. నా భయం ఆయన భయం కంటే తక్కువదేమీ కాదు.

అత్త అప్పుడు మొక్కు మాటెత్తింది. శుక్రవారం దర్గాకు తీసకపోయి గుండు కొట్టిద్దామే, జుట్టుతో పాటే పోయిద్ది అంది. మన ఇళ్ళల్లో గుండు మొక్కులు కొత్తా? అయినా నేను వెనకాడాను. బజారులో పదిమంది మధ్య మంగలి కత్తి కింద ఆ తల బయటపడిందంటే సాయంత్రానికి పేట మొత్తానికి తెలుస్తుంది. ఆ తర్వాత నా బిడ్డను ఇంట్లో ఉంచనిచ్చేది ఎవరు? పిల్లకు జ్వరం అన్నాను. మరుసటి వారం ఇంకో అబద్ధం ఆడాను.

మొక్కు వాయిదా పడుతుంటే అత్త ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం నేను రేషను షాపు నుంచి వచ్చేసరికి పెరట్లో గుప్పుమని వాసన. చేలల్లోకి వెళ్తే ముక్కుకు కొడుతుందే, ఆ వాసన. జరీనా జుట్టు విరబోసుకుని కళ్ళు గట్టిగా మూసుకుని పీట మీద కూర్చుంది. అత్త కొబ్బరి చిప్పలో నూనె పోసి, దాంట్లో పత్తికి కొట్టే మందు కలిపి వేళ్ళు ముంచబోతోంది. దూది అమ్మడానికి వచ్చిన రైతునడిగి సీసాలో ఇంత పోయించుకుందట. నేను కేక పెట్టి చిప్ప లాక్కుని గోడ అవతలికి విసిరాను. ఏందే, పత్తిలో పురుగు చచ్చిద్ది, తల్లో పురుగు చావదా అని నా మీదికే వచ్చింది. ఆ మందు తాగి పోయిన రైతుల కబుర్లు మనం ఈ రెండేళ్ళలో ఎన్ని వినలేదు? నెత్తురు చుక్కలు కారే ఆ తల మీద అది పడి ఉంటే ఏమయ్యేదో! జరీనా కళ్ళు తెరిచి, పోనీ రాయనీకపోయావా అమ్మా, ఏదో ఒకటి అయిపోయేది అంది. పద్నాలుగేళ్ళ పిల్ల అనాల్సిన మాటేనా అది?

ఇక ఆగలేకపోయాను. రేపు గుంటూరు పోతున్నాను, చర్మాల డాక్టరుకు చూపిస్తాను అని మీ బావకు చెప్పేశాను. ఆయన, ఆ డాక్టరు ఆ మాటే అంటే ఏం చేస్తావే అన్నాడు. దాన్ని ఎక్కడ ఉంచమంటే అక్కడ నేనూ ఉంటాను అన్నాను. బస్సులో జరీనా ఓణీ తల మీదుగా చుట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. సగం దారి దాటాక నా చెవి దగ్గరికి వంగి, అమ్మా, నన్ను అక్కడే వదిలేసి వస్తావా అని అడిగింది. దాని చెయ్యి నా ఒళ్ళోకి లాక్కున్నాను.

డాక్టరు పేరు ఇశ్రాయేలు గారు. పెద్దాయన, లావుపాటి అద్దాలు. ఓణీ తియ్యమంటే జరీనా తియ్యదు. ఆయన విసుక్కోకుండా ముందు చేతులు చూపించమన్నాడు. గోళ్ళు చూశాడు. గోళ్ళ మీద సూదితో గుచ్చినట్టు సన్నని గుంటలున్నాయి, నేను కన్నతల్లినై ఏనాడూ గమనించలేదు. మోచేతులు తిప్పి చూస్తే అక్కడ కూడా గరుకుగా తెల్లటి పొలుసు. అప్పుడు తల చూశాడు. దురద ఉంటుందా అమ్మా అని అడిగాడు. పగలూ రాత్రీ సార్ అంది జరీనా.

ఆ తర్వాత ఆయన చిన్న దూది పోగు మెలిపెట్టి, పిల్లను కళ్ళు మూసుకోమని, మచ్చ ఉన్న చోటా లేని చోటా తాకిస్తూ, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమన్నాడు. అది దేనికి చేస్తారో నాకు తెలుసు. పెద్దరోగం సర్వేకు వచ్చినవాళ్ళు అలాగే చూస్తారని విన్నాను. నుదుటి మీద తాకించాడు. దాని వేలు సరిగ్గా అక్కడికే పోయింది. మోచేతి మీద, చెవి వెనక, మెడ మీద, ఎక్కడ తగిలినా అక్కడే చూపించింది. ఒకసారి నవ్వింది కూడా, చక్కిలిగింత అని. అది నవ్వి ఎన్ని రోజులైందో!

డాక్టరు దూది కింద పడేసి, నువ్వు భయపడేది ఇది కాదమ్మా అన్నాడు. నేను ఏ రోగం పేరూ ఎత్తలేదు. అయినా నా ముఖం చూసి అన్నాడు. అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఏడవనిచ్చి, తర్వాత కోప్పడ్డాడు. పొట్టు రాలే తలలన్నీ ఒకటే అనుకుంటారు, అన్నింటికీ ఒకటే మందు పూస్తారు, అదే మీతో వచ్చిన చిక్కు అన్నాడు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. వదినకు చదివి వినిపించు, పిల్లలున్న ఇంటికి పనికొస్తుంది.

మామూలు చుండ్రు అయితే పొడిలా సన్నగా రాలుతుంది, కింద చర్మం ఎర్రగా ఉండదు. దానికి మందు షాంపూ పెట్టి, నురగ కాసేపు ఉంచి కడగాలి. మనం చేసేదేమో చుండ్రు కనబడగానే నూనె దిట్టంగా పట్టించడం. అది తిండి పెట్టి పెంచడమేనట. కొందరికి పొట్టు పసుప్పచ్చగా జిడ్డుగా ఉంటుంది, కనుబొమ్మల్లో, ముక్కు పక్కన కూడా లేస్తుంది. అది చుండ్రుకు అక్క లాంటిది, చలికాలం పెరుగుతుంది, దానికీ మందు షాంపూయే, కాకపోతే డాక్టరు ఇచ్చే లోషను కూడా కావాలి. పేలయితే ఈపి వెంట్రుకను అంటిపెట్టుకుని ఉంటుంది, దులిపితే రాలదు. పొట్టయితే రాలుతుంది. దానికి కిరసనాయిలు అక్కర్లేదు, సన్నదువ్వెన, మందు నూనె చాలు. ఇంట్లో అందరూ ఒకేసారి పెట్టుకోవాలి.

జరీనాది సోరియాసిస్ అట. వెండిరేకుల్లా పొలుసు, ఎర్రటి అంచు, గోళ్ళ మీద గుంటలు, మోచేతులు, ఇవన్నీ దాని గుర్తులే. అంటుకోదు. దిండు వల్ల రాదు, కంచం వల్ల రాదు, పక్కన పడుకుంటే రాదు. ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాను. అయితే పూర్తిగా పోయేది కూడా కాదు, వస్తూ పోతూ ఉంటుంది, మనం అదుపులో పెట్టుకోవాలి అన్నాడు. నల్లటి తారు లేపనం ఇచ్చాడు, వాసన రోడ్డు వేసేటప్పటి వాసనే. కొబ్బరినూనె గోరువెచ్చగా రాసి పొలుసు మెత్తబడ్డాక కడగాలి. చూశావా, చుండ్రుకు పడని నూనె దీనికి మేలు చేస్తుందట. పొలుసు గోటితో లేపకూడదు. లేపినా, కత్తితో గీరినా, దెబ్బ తగిలిన చోటల్లా కొత్తది పుడుతుందట. గుండు కొట్టించి ఉంటే తలంతా అదే అయ్యేది. బెంగపడితే కూడా పెరుగుతుందట. చివరి బల్ల మీద కూర్చోబెట్టి, కంచం వేరే పెట్టి, మనమే దాన్ని పెంచాం.

ఇంటికి రాగానే మీ బావకు అంతా చెప్పాను. ఆయన పెరట్లోకి పోయి జరీనా దిండు తెచ్చి తన దిండు పక్కన పెట్టాడు. అత్త మాత్రం, అంటుకోనిదాన్ని రోగమంటారా ఎక్కడైనా అని సణుగుతోంది. లేపనం మొదలుపెట్టాక దురద కొంచెం తగ్గింది, అంచు వెలిసింది. రేపట్నుంచి స్కూలుకు పంపుతున్నాను. కోటేశ్వరమ్మక్కకు చెప్పాను, నమ్మినట్టు తలూపింది గాని పిల్లల్ని ఇంకా పంపలేదు. నరసింహారావు గారి పరుపులు చిలకలూరిపేట వాళ్ళు కుడుతున్నారు. పోతే పోనీ.

ఇంత మంచిమాట విన్నాక నా భయం తీరిపోయిందని రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను.

ఇప్పుడు మీ ఫాతిమా సంగతి. వదిన పోయిన నెల రాయించిన ఉత్తరంలో చిన్నదాని నెత్తిన బిళ్ళంత మేర జుట్టు ఊడిందని, చుట్టూ పొట్టు రాలుతోందని రాయించింది. అది డాక్టరుకు చెప్పాను. వెంట్రుకలు మొదలంటా ఊడాయా, మధ్యలో విరిగి నల్ల చుక్కల్లా ఉన్నాయా అని అడిగాడు. చూస్తే గాని చెప్పలేను, విరిగి ఉంటే మాత్రం అది తలలో వచ్చే తామర, పిల్లల్లో ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకుంటుంది అన్నాడు. దువ్వెన, తువ్వాలు, టోపీ, మంగలి కత్తి, అన్నింటితో పాకుతుందట. దానికి పైపూత చాలదు, కొన్ని వారాలు మాత్రలు మింగాలి. ఆలస్యం చేస్తే అక్కడ మళ్ళీ జుట్టు మొలవకపోవచ్చట. కాబట్టి దాని దువ్వెన వేరే పెట్టండి. ఆకు పసర్లు పూయవద్దు.

రేపు కాక వచ్చే సోమవారం జరీనాను మళ్ళీ చూపించాలి. నువ్వు ఫాతిమాను తీసుకుని ఆదివారమే మా ఇంటికి రా. వదినతో పంపుతాననకు, నువ్వే రా. పెళ్ళి ఒప్పుకున్నాను, మాటిచ్చాను అంటే వినను. ఆ ఒక్క వంటకూ నీ మనుషుల్నే పంపు. తెల్లారి మొదటి బస్సుకే అందరం గుంటూరు పోదాం. రాకపోతే నేనే కారంపూడి వచ్చి పెళ్ళిపందిట్లోంచి లాక్కొస్తాను. నా సంగతి నీకు తెలుసు.

పిల్లలకు నా ముద్దులు. మీ బావ, అత్త సలాములు చెప్పమన్నారు. జరీనా తన మామయ్యకు సలాం తానే రాస్తానంటోంది, దాని అక్షరాలు కింద చూడు.

నీ రాక కోసం గుమ్మంలో నిలబడి ఉండే
నీ చెల్లెలు
రబియా

(మామయ్యా, సలాం. నాకు తగ్గుతోంది. ఫాతిమాను భయపడొద్దని చెప్పండి. డాక్టరు సూది వెయ్యరు. జరీనా)

తాజా కలం: ఈ కాగితం విడిగా మడిచి లోపల పెట్టాను. పైవన్నీ అందరికీ చదివి వినిపించు. ఇది నువ్వొక్కడివే చదువు.

అన్నయ్యా, నిన్ను రమ్మంటున్నది ఫాతిమా కోసం కాదు. దానికైతే వదిన చాలు. ఆ డాక్టరుకు నేను చూపించాలనుకుంటున్నది నిన్ను.

జరీనాది ఆ రోగం కాదని చెప్పాక ఆయన ఇంకో మాట అన్నాడు. దాన్ని పై కాగితాల్లో రాయలేకపోయాను. మీరంతా దురద చూసి బెదిరిపోతారమ్మా, దురద పెట్టేది, మండేది, పొట్టు రాలేది మనిషిని డాక్టరు దగ్గరికి నడిపిస్తుంది, మీరు భయపడే జబ్బు అలా కాదు, అది దురద పెట్టదు, నొప్పి పెట్టదు, తలలోకి రావడం కూడా అరుదు, చేతులకు పాకి వేడీ చల్లా తెలియకుండా చేస్తుంది, కాలినా మనిషికి తెలియదు అన్నాడు.

బక్రీదుకు మా ఇంట్లో నువ్వు వండావు. దమ్ముకు మూత మీద నిప్పులు పోసి ఉన్న డేగిసా. గుడ్డ లేకుండా ఉత్త చేత్తో ఆ మూత ఎత్తి పక్కన పెట్టావు. మసీదు వాళ్ళంతా, ఉస్తాదు చెయ్యంటే అదీ అన్నారు. మా అన్న చేతికి నిప్పు కూడా భయపడిద్ది అని నేనూ వాడంతా చెప్పుకున్నాను. ఆ సాయంత్రం నువ్వు అన్నం కలుపుతుంటే వేళ్ళ మీద బొబ్బలు చూసి అడిగాను. నువ్వు ఎవరి చెయ్యో చూసినట్టు చూసి, ఎప్పుడయిందే ఇది అని నవ్వావు. నీ చిటికెన వేలు లోపలికి ముడుచుకుని ఉంది. గరిటె తిప్పీ తిప్పీ అలా అయిందన్నావు. మోచేతి కింద పాలిపోయిన మచ్చను పొయ్యి సెగ అన్నావు. అన్నీ నమ్మాను.

జరీనాను బయట కూర్చోబెట్టి డాక్టరును అడిగాను, తెలిసినాయన ఒకరు అని చెప్పి. పేరు చెప్పలేదు, పని చెప్పలేదు. ఆయన కలం కింద పెట్టి, తొందరగా తీసుకురా అమ్మా అన్నాడు. ఇప్పుడు దానికి మాత్రలున్నాయట. కొన్ని కలిపి నెలల తరబడి మానకుండా మింగితే నయమైపోతుందట. మాత్రలు మొదలైతే ఇంకొకరికి అంటదట. వంట మానక్కర్లేదట, నువ్వు ముందు అడిగేది అదేనని నేనే అడిగాను. కాని పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం, ఉన్నది కాపాడుకోవాలి, అందుకే ఆలస్యం వద్దన్నాడు. అది కాకపోతే సంతోషం. ఉత్త పుణ్యానికి గుంటూరు తిప్పావని నన్ను జీవితాంతం తిట్టు, పడతాను.

నాకు చాలా భయంగా ఉంది అన్నయ్యా. జరీనా గురించి పడ్డ భయం దీని ముందు ఏపాటిది? అది కనీసం ఏడ్చింది.

ఎవరికీ చెప్పకు, వదినకు కూడా డాక్టరు చూశాకే చెబుదాం. చదివాక ఈ కాగితం పొయ్యిలో వేసెయ్. చేత్తో వెయ్యకు, పట్టకారుతో వెయ్యి.